నూరు తెడ్లకు ఒకటే తాళం

కొచ్చిలో కంప్యూటర్ ఆఫీసుల గేటు పక్కన ముసలి వర్కి చాయ కొట్టు. ఉదయం పదకొండు గంటలు. బల్ల మీద ఆ ఆఫీసులో ఫోన్ యాప్‌లు రాసే జిన్సి, ఆమె ఒళ్ళో ల్యాప్‌టాప్, చేతిలో వర్కి పాత ఫోను. ఆమె అతనికి 'మోళే', అంటే కూతురు; అతను ఆమెకి 'చేట్టా', అంటే పెద్దన్న.

"...అలా ఆ కప్పు గెలిచింది నా తాళమే, మోళే. నూరు తెడ్ల పాముపడవ! పడవ చెక్క మీద నా రోకలి దెబ్బకి—"

"పందెం సంగతి తర్వాత, వర్కి చేట్టా. ఫోను ఇంకాసేపు ఉంచుకోనీ. పన్నెండింటికి నా పడవల యాప్ చూడ్డానికి దీవుల పడవవాళ్ళొస్తారు. అందరివీ ఇలాంటి పాత ఫోన్లే."

"నీ ఫోన్లో ఆ బొమ్మ పడవ బాగానే పోతోందిగా?"

"పోతోంది. నీ దాంట్లో కుంటుతోంది."

"పాపం, దానికీ మోకాళ్ళ నొప్పులు."

"నవ్వకు! ఇది కుంటితే ఈ పని నా చేతిలోంచి తీసేస్తారు. ఒక్కసారి రాస్తే రెండు రకాల ఫోన్లలోనూ నడుస్తుందని మాటిచ్చింది నేనే."

"రెండింటికీ భాష వేరన్నావుగా నిన్న? ఒక్క రాత ఎలా సరిపోతుంది?"

"మధ్యలో వంతెన లాంటిది ఉంటుంది. ఇటు నా రాత, అటు ఫోను. 'ఇక్కడ బొత్తాం పెట్టు' అని చీటీ వెళ్తుంది. ఏ ఫోనుకాఫోను తన బొత్తాం పెట్టుకుంటుంది."

"మరి పడవకేమైంది?"

"అదే... పడవ జరగాలంటే..."

"నసుగుతున్నావు. ఎన్ని చీటీలు?"

"సెకనుకి అరవై."

"అరవయ్యా!"

"జరిగే ప్రతి పిసరుకీ ఒకటి. వంతెన మీద కుప్పపడిపోతున్నాయి. ఈ అరటిపండు బజ్జీ, పళంపొరి, తిననీ."

"తింటూ విను. ఆ పందెంలో పక్క పడవలో తాళం కొట్టడానికి ఒక వెర్రివాడు నిలబడ్డాడు. తాళం వదిలేసి 'ఒరే తోమా, వెయ్యి! ఒరే కుట్టా, వెయ్యి!' అని ఒక్కొక్కడినీ పేరు పెట్టి అరిచాడు. నూరోవాడి దాకా వచ్చేసరికి మొదటివాడు నిద్రపోయాడు."

"పడవలోనా?"

"గురక పెట్టి మరీ. మేమో? పాట ఒకసారి ఎత్తుకున్నాం. ఆపైన తెడ్లు వాటంతటవే—"

"ఆగు... ఆగాగు! దారంతా ఒకే చీటీలో పంపేస్తే? ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఎంతసేపు... అడుగులు ఫోనే వేసుకుంటుంది! ఆ వీలు ఉంది చేట్టా, నేనే వాడుకోలేదు. నా ఫోన్లో బాగుంది కదా అని..."

"చాయ చల్లారిపోతోంది."

"చల్లారనీ. ముందు ఇది మార్చి నీ ఫోన్లోకి పంపనీ... ఇదిగో, నువ్వే నొక్కు."

"ఓరి నీ! నూనె మీద జారినట్టు పోతోందే!"

"నీ కప్పు చలవే! ఏదీ, ఒకసారి చూపించు, దణ్ణం పెట్టుకుంటా."

"కప్పా..."

"ఏం, అమ్మేశావా?"

"అది కల్పించాను, మోళే. గురక మాత్రం నిజం."

"అంటే మీరు గెలవలేదా?"

"ఆఖరున వచ్చాం. పాట ఎత్తుకుంది పక్క పడవవాళ్ళు; పేరు పెట్టి అరిచిన ఆ వెర్రివాణ్ణి నేనే."