నా గొర్లకు నీ జాజు

గా మిఠాయి డబ్బా మూయి పరమేశన్నా. ఎవలకు పంచుతవ్ గది? నాకా? మస్తు ధైర్యం నీకు!

గిందుకేనా తాండూరుల రైలెక్కి వికారాబాద్ దాకా వచ్చింది? "స్నేహలతా, మీ అవ్వ గొంతు యాప్‌లకు పోయింది, పనైపోయింది" అని నవ్వుకుంట చెప్తున్నవ్. పోయింది, సరే. ఎవల పేరు మీద పోయింది? గది చెప్పు జర.

అగో, ఇప్పుడు మూస్తున్నవ్ డబ్బా.

గొర్ల మందులు చెప్పే యాప్ గది. ఎవ్వలన్న దాన్ని బాగుచెయ్యొచ్చు. సదువురానోళ్లకు మాటతోటి చెప్పాలె అన్న ఆలోచన నాది. పెద్దేముల్‌ల మా ఇంట్ల తలుపులేసి, నన్ను కన్న అవ్వను కూసోవెట్టి, ఒక్కొక్క మాట చెప్పిచ్చి రికార్డు చేసింది నేను. మధ్యల గొర్రె అరిస్తే మళ్ల మొదటికెల్లి! అవ్వ ఇసుక్కోలే తెలుసా?

ఏందీ? ఆలస్యం చేసిననా?

చేసిన! అసలు యాప్‌కు నేను నకలు తీసుకున్నది ఎండకాలంల. నేను నా నకల్ల పని చేసుకుంటుంటే అవతల యాప్ నడిపెటోళ్లు ఊకుంటరా? అసలుదాంట్ల రోజు ఏదో ఒకటి దిద్దుతనే ఉంటరు. పంపేముందు గవన్ని నా నకల్లకు తెచ్చుకోవాలె. రెండు దిక్కుల మారిన కాడ ఏది ఉంచాల్నో, ఏది తియ్యాల్నో కూసోని చూడాలె. సింక్ చేసుడంటే గదే గదా! నాకు నేర్పిందే నువ్వు!

నేను గా పనిలనే ఉన్న. నువ్వేం చేసినవ్? నేను నెట్ల పెట్టుకున్న పాత ఫైళ్లన్ని ఎత్తి నీ నకల్ల కుమ్మరిచ్చినవ్. నీ పేరు మీద పంపినవ్.

కడుపుల పురుగులకు పోసే నట్టల మందు సంగతి చూసుకున్నవా అసలు? గొర్రెపిల్లలకు ఎంత పొయ్యాల్నో పాతదాంట్ల తప్పుండె. వాళ్లు మొన్ననే దిద్దిన్రు. నీ పుణ్యాన పాత తప్పు మళ్ల వచ్చి కూసున్నది. ఇయ్యాల సాయంత్రం జనం ఫోన్లకు పోయేది గది. గొర్రెపిల్లలు సస్తే ఎవలు చెప్పాలె జవాబు?

"ఇంట్లోళ్లమే గదా, నీ పేరైతేంది, నా పేరైతేంది" అంటవా? అబ్బో! మన గొర్లన్ని ఒక్క దొడ్లనే పండుకుంటయ్. అయినా పెద్దబాపు మీ గొర్లకు గుర్తుకని వీపు మీద ఎర్ర జాజు పెడ్తడు, మా బాపు మావాటికి మెడ మీద పెడ్తడు. ఎందుకన్నా? ఒక్క ఇంటోళ్లు కాదా వాళ్లు? నువ్వు నా గొర్లకు నీ జాజు రాసి సంతకు తోలినవ్. ఊర్ల గిట్ల చేస్తే పంచాయితి పెడ్తరు నీకు!

ఫోన్ తియ్యకు. చూసేదేం లేదు అండ్ల.

ఆపిచ్చిన. పొద్దుగాల్నే వాళ్లకు రాసిన, మందు లెక్క తప్పున్నది, తీసుకోకున్రి అని. ఆపిన్రు. ఇయ్యాల వచ్చే దాంట్ల అవ్వ గొంతు లేదు. నా నకలు నేనే సరిజేసుకుంట, నా పేరు మీదనే పంపుత. మళ్ల కొత్తది ఎప్పుడిడుస్తరో వాళ్లకే ఎరుక లేదు. కానియ్!

అవ్వకు ఫోన్ చేసి చెప్పిన. సాయంత్రం నా మాట ఫోన్ల ఇనున్రి అని వాడకట్టంత చెప్పుకున్నదంట పాపం. "సరే బిడ్డా" అన్నది, గంతే. ఏడుస్తుందని నాకు తెల్సింది.

ఇంకోటి గూడ ఇను, దాచేదేముంది. మందు లెక్క ఒక్క లైను. పొద్దుగాల చిటికెల నేనే దిద్ది వాళ్లకు పంపొచ్చుండె. నీ పేరు మీదనే పోతుండె, అవ్వ సంబురపడుతుండె. దిద్దలే. మా అవ్వ గొంతు నీ పేరు మీద పోవుడు నాకు సైసలే, ఓర్వలేకపోయిన. గందుకే మా అవ్వను ఏడిపిచ్చిన. పో, ఊర్ల చెప్పుకో పో!