ఆయుధపూజకు పెట్టని సుత్తి

"తాతా, కత్తెర్లు, కుట్టుమిషను, నా ల్యాప్‌టాప్ కూడా పూజలో పెట్టినావు. ఆ చిన్న సుత్తిని మాత్రం ఎందుకు పెట్టలేదు?"

ఏంది, మీ నాయన ఇన్నేళ్ళలో అడగలా, నువ్వు అడిగినావే! సరి, కూర్చో నిత్యా. ఆ బొరుగులు ఇట్లా జరుపు. పళ్ళు యాడుండాయి నాకు, అయినా నోట్లో నానబెట్టుకుంటే దిగుతాయి. అవ్వ యాడ? వంటింట్లోనా? తలుపు కొంచం దగ్గరికి వెయ్యి. ఇది ఆమె తోడబుట్టిన అన్న సంగతి. ఆమెకు ముప్పావు తెలుసు, పావు తెలీదు. నువ్వు రేపు విజయదశమికి పనిలో చేరతా ఉండావు కదా, ఆ మురికినీళ్ళ ప్లాంటులో, అందుకని చెప్తా. లేకుంటే చెప్పను, నిజంగా చెప్పను.

మీ అవ్వ అన్న, కె. రంగనాథం అని, నువ్వు పుట్టేదానికి ముందే పోయినాడు. నాకు బావ. ఇద్దరం ఒకే చోట ఫిట్టర్లం. అరియాంకుప్పం ఏరు సముద్రంలో కలిసే మొగ ఉండాదే, ఆడ ఇసక మేటేస్తే పడవలు లోపలికి రాలేవు. ఆ ఇసకను నీళ్ళతో కలిపి తోడి, పైపులో దూరంగా తోసే పని మాది. కాంట్రాక్టు పని. కంపెనీ పేరు వద్దులే. ఇద్దరం సైకిళ్ళ మీద పోయేవాళ్ళం. దోవలో టీ, అర్ధ రూపాయి. కాదు కాదు, అర్ధ రూపాయి అంతకుముందు, అప్పటికి ముప్పావలా అయింది. ఎప్పుడూ బావే ఇచ్చేవాడు, నన్ను జేబులో చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. సరి, అది వదిలెయ్.

ఇసక నీళ్ళను నువ్వు పుస్తకంలో చదివుంటావు. పైపు మీద చెయ్యి పెడితే తెలుస్తది అదేందో. లోపల సర్ర్ మని పోతా ఉంటది, తిరగలి తిరిగినట్లు. ఇనుమును తినేస్తది. పైపు అడుగు ముందు అరుగుతది, అందుకని కొన్నాళ్ళకోసారి పైపును పావు వంతు తిప్పి మళ్ళా బిగిస్తాం. వాల్వు సంగతి అయితే మరీ మోసం. తెరిస్తే మొత్తం తెరవాల, మూస్తే మొత్తం మూయాల. సగంలో పెట్టినావో, ఆ సందులో ఇసక దూరి లోపలుండే పలకను కోసేస్తది. బావ రోజుకు పదిసార్లు చెప్పేవాడు ఈ మాట. వినేదెవరు? నీళ్ళు ఎక్కువ వస్తా ఉండాయని షిఫ్టోడు ఎవడో సగం మూసిపెట్టి బీడీకి పోతాడు.

ఆడ రెండు వాల్వులు ఉండినాయి. ఎత్తు మీద పెద్ద తొట్టి, దాని నిండా ఇసక నీళ్ళు. తొట్టి పక్కనే పాత రబ్బరు వాల్వు. దాని తర్వాత కొత్త స్టీలు వాల్వు, నీలం రంగు, పెళ్ళికొడుకు మాదిరి ఉండేది. దాని కింద గుంత, గుంతలో పంపు. రబ్బరు వాల్వు లోపల ఏమీ లేదు, ఒక మందమైన రబ్బరు గొట్టం, దాన్ని పైనుంచీ కిందనుంచీ రెండు కడ్డీలు నొక్కుతాయి. నువ్వు చెట్లకు నీళ్ళు పట్టే పైపును వేళ్ళతో నొక్కుతావే, అట్లా. నేను నవ్వేవాణ్ణి. ఏంది బావా, సైకిలు ట్యూబుకు పోయి ఇంత మర్యాదా అని. "ఎదురు నిలబడేదాన్ని ఇసక కోస్తదిరా, వంగి ఇచ్చేదాన్ని ఏం చేస్తది?" అనేవాడు.

ఆమా, అవునులే, సుత్తి దగ్గరికే వస్తా ఉండా. వాల్వు పైకి రంగు బాగుంటది, లోపల ఎంత అరిగిందో కంటికి తెలీదు. మీకు ఇప్పుడు కొలిచే మిషన్లు ఉండాయి. మాకు సుత్తే. వాల్వు పొట్ట కింద తడితే, మందం ఉంటే కణ్ మంటది. అరిగుంటే డొల్లగా పలుకుతది, పొట్ట అరిగిందంటే పలక కూడా పోయినట్లే. ఎవరన్నా గుంతలోకి దిగే ముందు పైనుండేవాడు తట్టాల. దిగేవాడు నిచ్చెన మీద నిలబడి అడగాల, తట్టి చూసినావా అని. చూసినా అంటేనే కాలు కిందకి. ఇది బావ పెట్టిన ఆచారం. తప్పించి ఒక్కనాడు దిగలా.

ఆ ఏడాది ఆయుధపూజ. మా అమ్మ ఉండింది అప్పుడు. పూజలో పెట్టినదాన్ని మరుసటి దినం మళ్ళా పూజ చేసేదాకా ముట్టకూడదు, ముట్టినావా, ఆ ఏడంతా పని అచ్చిరాదు అనేది. మీ అవ్వ ఈ సుత్తిని పసుపునీళ్ళతో కడిగి, గంధం పూసి, కుంకుమ పెట్టి, చామంతులు పెట్టింది. ఎంత ముద్దుగా ఉండిందో. సైటు షెడ్డులో కూడా అంతే, స్పానర్లన్నీ అరటాకు మీద వరసగా పెట్టి, గుమ్మడికాయ కొట్టి, అందరం ఇంటికి పోవాల.

ఇంతలో కబురు వచ్చింది. మొగ పూడిపోతా ఉండాది, కురుచికుప్పం జాలర్ల పడవలు బయటే నిలిచిపోయినాయి, గాలి లేస్తా ఉండాది, పంపు నడపండి అని. నడిపితే పది నిమిషాల్లో లోపల ఏదో అడ్డం పడి ఆగిపోయింది. మధ్యాహ్నం పన్నెండు, మాడిపోయే ఎండ. ఇంజినీరు అరస్తా ఉండాడు. బావ కర్పూరం వెలిగించి, తప్పు చెప్పుకుని, అరటాకు మీదనుంచి రెండు స్పానర్లు తీసుకున్నాడు. నేను స్టీలు వాల్వు మూసినా. చక్రం ఆఖరుదాకా తిరిగింది. అంతా సరిగ్గానే ఉంది. బావ నిచ్చెన మీద నిలబడినాడు.

"రాజులూ, తట్టి చూసినావా?"

నా సుత్తి ఇంట్లో ఉండాది, పూల కింద. స్పానరుతో తట్టచ్చు కదా అంటావు. తట్టచ్చు. రాయితో కూడా తట్టచ్చు. అదే కదా నా పాపం. షెడ్డుకు పోయి ఇంకోటి ముట్టాలంటే అమ్మ మాట భయం, ఇంజినీరు అరుపు, కొత్త వాల్వుకు ఏమైతదిలే అనే పొగరు. నోట్లోనుంచి వచ్చేసింది.

"చూసినా బావా."

దిగినాడు.

పంపు మూత విప్పినాడు. ముందు ఒక చుక్క. అది మామూలే, పైపులో మిగిలిన నీళ్ళు. తర్వాత సన్నగా ధార. నేను వాల్వు మీద చెయ్యి పెట్టినా. మూసిన వాల్వు నిమ్మళంగా ఉండాల. అది చేతి కింద సర్ర్ మంటా ఉండాది. ఆ సర్ర్ ఇప్పటికీ ఈ అరచేతిలో ఉండాదమ్మా. పలక అంచు ఎప్పుడో అరిగిపోయింది, మూసినామని మేం అనుకున్నాం, కింద సందు ఉండనే ఉంది. ఇసక ఆ సందును ఇంకా పెద్దది చేస్తా ఉంది. బావా, పైకి రా అని అరిచినా. ఆయన తల ఎత్తేలోపల పలక వంగిపోయింది. తొట్టి మొత్తం గుంతలోకి దూకింది.

ఉత్త నీళ్ళయితే ఈదేవాడు, బాగా ఈతొచ్చు ఆయనకు. ఇది ఇసక. నీళ్ళు పైన తిరగతా ఉంటాయి, ఇసక కింద కూర్చుంటా వస్తది. మోకాళ్ళు పట్టుకునింది. నిచ్చెన చేతికి అందతా ఉండాది, కాళ్ళు రావు. తొడలు. నడుము. నేను రబ్బరు వాల్వు దగ్గరికి పరిగెత్తినా. ఎన్నాళ్ళుగానో దాన్ని ఎవరూ తిప్పలా, చక్రం తుప్పు పట్టుండాది. చొక్కా విప్పి చక్రానికి చుట్టి, భుజం ఆనించి తోసినా. ఒక చుట్టు. రెండు. మూడు. గట్టిగా లెక్కపెడతా ఉండా, లెక్క ఆగితే బావ పోతాడని నా పిచ్చి. ఇరవై దాటినాక గుంతలోనుంచి అరుపు ఆగిపోయింది. ఆగిపోయిందమ్మా. నేను వంగి చూడలా. చూస్తే నా చెయ్యి ఆగిపోతది. ముప్పై ఎనిమిదో చుట్టుకు పైపు మూగబోయింది. ఇసకా గులకరాళ్ళూ ఏది అడ్డమున్నా దాన్ని కూడా అదుముకుని మూసుకునింది ఆ రబ్బరు, నేను సైకిలు ట్యూబు అన్నది.

ఇసక రొమ్ముదాకా వచ్చి నిలిచింది. నోటి నిండా మట్టి, అందుకే అరుపు రాలా. బతికే ఉండాడు. ఎనిమిదిమందిమి చేతుల్తో తవ్వి తీసినాం. గోరిమేడు ఆస్పత్రిలో చేర్చినాం. కుడి మోకాలు తిరిగిపోయింది, పాపం, పోయేదాకా కుంటినాడు.

ఆస్పత్రికి ఇంజినీరు వచ్చినాడు. పైన ఎవరుండారు, తట్టి చూసినాడా అని అడిగినాడు. నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉండా. ఒక్క మాట చెప్తే చాలు, లేదు అని. నేను నోరు తెరిచేలోపల బావే చెప్పినాడు, "చూసినాడు సార్. నేను అడిగే దిగినా" అని. మీ అవ్వ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది, నువ్వు లేకుంటే మా అన్న లేడు అని. ఆ చేతిని ఏం చేసుకునేది చెప్పు.

కొన్ని దినాలకు బావ చంకలో కర్ర పెట్టుకుని మా ఇంటికి వచ్చినాడు. కాఫీ తాగినాడు, అమ్మతో మాట్లాడినాడు. లేచి నిదానంగా దేవుడి దగ్గరికి పోయినాడు. మీ అవ్వ వాడిన పూలు తీసేసింది గానీ, నీ ఆయుధం నువ్వే తీసుకోవాల అని సుత్తిని ఆడనే ఉంచింది. నేను ముట్టలా. గంధం ఎండి పగిలింది, కుంకుమ పెట్టింది పెట్టినట్లే ఉంది. ఇనుమును తట్టిన సుత్తికి కుంకుమ నిలస్తదా? బావ దాన్ని చానాసేపు చూసినాడు. తర్వాత భుజం మీది తువ్వాలుతో తుడిచి నా చేతిలో పెట్టినాడు. "దీనికి పూజ వద్దు రాజులూ. పనిలోనే ఉండనీ." అంతే. తిట్టలా. పోయేదాకా ఆ మాట మళ్ళా ఎత్తలా. ఆ దినం రెండు చెంపలూ వాయించుంటే ఇన్నేళ్ళు ఇట్లా మోసుండను.

ఏంది, నువ్వు ఎందుకు ఏడస్తావు? ఇదిగో, తీసుకో. మిషన్లతోనే కొలువు, కాదనను, ఇది సంచిలో ఉండనీ. రేపు ఎవరన్నా చూసినావా అని అడుగుతారు. చూసుంటే చూసినా అను. చూడకుంటే లేదు అను. ఆఫీసరు అరిచినా, ఏ పని ఆగినా సరే. మహా అయితే తిడతారు, అంతే కదా. చల్లగా ఉండు తల్లీ. నిన్ను నమ్మి దిగినోళ్ళంతా పైకి రావాల.

ఆ తలుపు తియ్యి. అవ్వను పిలువు... వద్దు, నువ్వు కూర్చో, నేనే పోతా. బావ అడిగినదానికి ఇప్పుడన్నా మీ అవ్వ దగ్గర సరిగ్గా జవాబు చెప్పాల. నా కర్ర ఇట్లా ఇయ్యి.