స్టాండు స్విచ్చి

“నాయనా, ఈడ చూడు! సైడ్ స్టాండు స్విచ్చి వైర్లు రెండూ ఎవరో కోసి, ఒకటిగా మెలేసినారు!”

గుడియాత్తంలో, ఇంటి ముందు బండి విప్పుతున్న కూతురి మాటకు తండ్రి పాల క్యాను కింద పెట్టి దగ్గరికి వచ్చాడు.

“అయితే ఏమిప్పుడు?”

“స్టాండు దించి ఉంటే ఇంజను ఆగిపోవల్ల. ఇట్ల కలిపితే ఆగదు. అందుకే స్టాండు తీయలేదని నాకు తెలీలే. కుప్పం మలుపులో అది రోడ్డుకు తగిలి బండి పడిపోయె. వెనక కూర్చున్న అమ్మ కాలిరిగి వేలూరు ఆస్పత్రిలో ఉండాది.”

“పోనీలేమ్మా.”

“కండ్లు నెత్తిన పెట్టుకొని తోలినావని తిట్టింది నువ్వే కదా! ఉండు, ఇది బండి సర్వీసు చేసిన మెకానిక్కు పనే, వాణ్ని వీధంతా వినేట్టు కడిగేసి వస్తా.”

“వాడి జోలికి పోవద్దు.”

“ఏం? ఎందుకు పోగూడదు?”

“పాలు పోసేదానికి ఇంటింటి ముందరా స్టాండేస్తే, ఇంజను ఆగిపోతా ఉండె. విసుగొచ్చి వైర్లు కలిపింది నేనేమ్మా. నిన్ను తిట్టేటప్పుడు కూడా నాకది తెలుసు.”