పిన్నితో పెద్ద దారి

"ఎండెక్కిపోతోంది పెద్దాయనా, గేటు తియ్యండి."

"ఎక్కితే ఎక్కనీండమ్మా, అడవెక్కడికీ పారిపోదు. ఈ పాప మీకేమవుతుందో చెప్పండి ముందు."

నేషనల్ పార్కు గేటు దగ్గర పొద్దున్నే పడిన పేచీ ఇది. గేటు కాసే ముసలాయన గొళ్ళెం మీద చెయ్యి తియ్యడు. ఎదురుగా ఒకావిడ, ఆవిడ వేలు పట్టుకుని ఏడెనిమిదేళ్ళ పిల్ల.

"చెప్పానుగా! నేను దాని పిన్నిని. ఎన్నిసార్లు చెప్పాలి?"

"పిన్నే తాతా. పిన్ని అనే పిలవమన్నాడు నాన్న."

"పిలవమన్నాడా? పిన్నిని పిన్ని అని పిలవమని ఒకళ్ళు చెప్పాలా తల్లీ?"

"చిన్నపిల్ల, ఏదో అంటుంది. మీరు ప్రతి మాటకీ అనుమానపడితే ఎలా?"

"అనుమానపడ్డానికే జీతమిస్తున్నారమ్మా నాకు. చెరువు దాకా చిన్న దారుంది. చక్కగా నాలుగు కోతుల్ని చూసి తిరిగి రావచ్చు. మీరేమో పెద్ద దారే కావాలంటున్నారు. ఇప్పుడు లోపలికెళితే సాయంత్రానికి గానీ అటుపక్క గేటు దగ్గర తేలరు. మధ్యలో ఫోన్లు కూడా పలకవు."

"అందుకే."

"అందుకేనా?"

"అంటే... ప్రశాంతంగా ఉంటుందని."

"పిన్నీ, బూటు కరుస్తోంది."

"ఏదీ, చూడనీ. అయ్యయ్యో, వేలు ఎర్రబడిపోయింది! ఇంత చిన్నవైపోయాయేంటి? నేనింకా..."

"కొన్నది మీరేనా?"

"నేనే. అంచనాగా కొన్నాను. పాత చెప్పులు కార్లో ఉన్నాయిలే, మార్చుకుందువు గాని. ఈలోగా ఇవి తిను. అవునూ, నీకు పల్లీలు పడతాయా?"

"బాగుందమ్మా వరస! కాలి సైజు తెలీదు, పల్లీలు పడతాయో లేదో తెలీదు, పైగా పిన్నినంటారు."

"నాకన్నీ పడతాయి తాతా."

"సంతోషం తల్లీ. ఇలా రా, టోపీ జారిపోతోంది. ఈ తాడు కాస్త బిగిస్తే..."

"వద్దు! మెడకి బిగించకండి! పేగు మెడలో వేసుకుని పుట్టిందది. ఒళ్ళంతా నీలం. ఎంతసేపటికీ ఏడవలేదు. దాని మెడకేదైనా తగిలితే నా ప్రాణం పోతుంది."

"ఎంతసేపటికీ ఏడవలేదా?"

"ఏంటలా చూస్తారు?"

"పాపా, నువ్వెళ్ళి ఆ కుళాయి దగ్గర సీసా నింపుకురా."

"నిండుగానే ఉంది తాతా."

"పారబోసి నింపుకురా. నెమ్మదిగా."

"ఎందుకు దాన్ని పంపేశారు?"

"వాళ్ళ నాన్న నంబరివ్వండి."

"వద్దండీ. మీకు దణ్ణం పెడతాను."

"మీరివ్వకపోతే పోలీసులకి చేస్తాను. పిల్లతో వ్యవహారం, నేను మొహమాటపడను."

"ఇదిగో నంబరు. చెయ్యండి."

"హలో, పాప నాన్నగారేనా? పార్కు గేటు నుంచి మాట్లాడుతున్నాను... కంగారు పడకండి, బాగానే ఉంది... ఆఁ, వాళ్ళ పిన్నితోనే... మీరే పంపారా? మంచిది... ఏంటండీ?... సరే, చెబుతాను."

"ఏమన్నారు?"

"సాయంత్రం ఇంటికొచ్చేసరికి పాప నోట పిన్ని అనే మాటే వినబడాలట. ఇంకో మాట వినబడిందా, ఇక ఈ జన్మలో పంపనన్నాడు. ఆ ఇంకో మాటేంటమ్మా?"

"మీకు తెలిసిపోయిందిగా."

"మీ నోటితో చెప్పండి."

"అమ్మ. అమ్మనండీ నేను. పాకే వయసులో దూరమైంది, దానికి నేను గుర్తులేను. ఇంట్లో దానికో అమ్మ ఉంది. మంచిదే, పాపం. కోర్టులూ గొడవలూ ఎందుకు, పిన్నినని చెప్పుకుని ఒక్క రోజు తీసుకెళ్ళమన్నారు. ఒప్పుకున్నాను. ఎంతకైనా ఒప్పుకునేదాన్ని."

"మరి ఈ పెద్ద దారి?"

"సగం దూరం నడిచాక ఎక్కడో కూర్చోబెట్టి చెప్పేద్దామనుకున్నాను. రాత్రంతా మాటలు కూడబెట్టుకున్నాను."

"చెబితే ఇంటికెళ్ళి ఊరుకుంటుందా? ఆ వయసులో కడుపులో మాట దాగదమ్మా."

"నాకూ తెలుసు. చెబితే పిల్ల దక్కదు. చెప్పకపోతే పిన్నిగానే చచ్చిపోతాను. మీరైతే ఏం చేస్తారు?"

"నన్నడక్కండి. నేను గేటు కాసేవాణ్ణి. గేటు తీస్తున్నాను, అంతే. ముందు వెళ్ళి ఆ చెప్పులు తెచ్చి పాప కాళ్ళకి వెయ్యండి."

"చల్లగా ఉండండి పెద్దాయనా. కారు కాస్త దూరంగా పెట్టాను, పాపని చూస్తుండండి."

"చూస్తాలెండి... వచ్చావా తల్లీ? తడిసిపోయావే! మీ పిన్ని చెప్పులు తేవడానికెళ్ళింది."

"తాతా, ఆవిడ నీకు చెప్పేసిందా?"

"ఏం చెప్పడం?"

"మా అమ్మనని."

"ఓరి నాయనో! నీకెవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో తలుపేసుకుని పోట్లాడుకుంటారు. నాకు వినబడదనుకుంటారు."

"మరి ఆవిడతో అనలేదేం పిచ్చితల్లీ? ఎంత సంతోషపడుతుందో తెలుసా? ఉండు, వస్తోంది, నేనే చెప్పేస్తాను."

"ఒద్దు తాతా, ఒద్దు! నాకు తెలుసని తెలిస్తే ఒక్కసారి అమ్మా అని పిలవమంటుంది. పిలిస్తే నాకలవాటైపోతుంది. ఇంట్లో నోరు జారితే ఇంకెప్పుడూ పంపరు... పిన్నీ! నేనిక్కడున్నాను, పద, పెద్ద దారిలోనే పోదాం!"