కారు పెద్దోడిది, పడవ చిన్నోడిది

అక్క బట్టలు కుట్టే దుకాణం. కత్తిరింపుల బల్లకి ఆ చివర పెద్ద తమ్ముడు, ఈ చివర చిన్న తమ్ముడు. వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

"ముందు వాణ్ణి పడవ తీసి బల్ల మీద పెట్టమనక్కా. అప్పుడు నేను కారు తీస్తాను."

"అక్కా, ఆయనగారినే ముందు కారు తియ్యమను. పెద్దవారు కదా, పెద్దరికం చూపించమను."

"నేనేం టెలిఫోను తీగనట్రా మీ మధ్య? పెద్దోడా, వాడు నీ ఎదురుగానే కూర్చున్నాడు. నువ్వే చెప్పు."

"నేనా? వాడితోనా? పంపకాలైన రోజే ఒట్టు పెట్టుకున్నాను."

"చూశావా అక్కా, ఆయనగారు ఒట్లు పెట్టుకుంటారు. నేను ఒట్టూ గిట్టూ లేకుండానే మానేశాను."

"నాయనల్లారా, ఇద్దరూ ఒకేసారి పెట్టండి. ఆ సుద్దముక్క పక్కకి తొయ్యి చిన్నోడా, రంగుకి అంటుకుంటుంది. ఊఁ, పెట్టండి. తలలు నెరిశాయి గానీ ఇంకా అంగన్వాడీ దాటలేదు మీరు."

"చూడక్కా, ఎలా ఉంచానో. ఎర్రరంగు ఒక్కచోట పెచ్చు లేవలేదు. లోపల డ్రైవరు బొమ్మ, వెనకాల పడవని లాక్కెళ్ళే రెండు చక్రాల బండి, అన్నీ ఉన్నాయి."

"అన్నీ ఉన్నాయి, తిరగడమొక్కటే లేదు. బ్యాటరీలు వేసే స్విచ్చు డబ్బా నా దగ్గరుందిగా! అడుగక్కా, ఇన్నాళ్ళూ ఆయనగారు కారుని చేత్తో తోసుకుంటూ నోటితో బుర్రుమన్నారేమో."

"వాడు పడవనేం చేశాడో అడుగు మరి. నీళ్ళలో తిరిగే రెక్క నా జేబులో ఉంది. రెక్క లేని పడవని పెరుగుగిన్నెగా వాడుకున్నాడేమో."

"ఎవర్రా ఇలా పంచింది? కారు ఒకడికి, స్విచ్చు ఒకడికి. పడవ వీడికి, రెక్క వాడికి. అట్టపెట్టె కూడా..."

"మూత నాది."

"అడుగు నాది."

"మూతొకడికి, అడుగొకడికి! ఇంకా నయం, డ్రైవరు బొమ్మని నిలువునా కోసుకోలేదు."

"కొయ్యమనే అన్నాడక్కా వాడు. నేనే ఒప్పుకోలేదు."

"నేనన్నది వెటకారానికి! ఆయనగారు నిజంగానే రంపం వెతికారు. సమానంగా పంచుకోమన్నారు పెద్దమనుషులు, పంచుకున్నాం. నువ్వూ ఉన్నావుగా అక్కా ఆ రోజు."

"ఉన్నాను. టీలు అందించాను."

"అవునవును, పంచదార ఎక్కువేశావు. సరే, ఆ కొనేవాళ్ళ సంగతి మళ్ళీ చెప్పు. వాడు కూడా వింటాడు."

"ఫోన్లో చెప్పిందేరా. అన్నీ ఒక్కచోట ఉంటేనే కావాలట. విడివిడిగా అయితే రేకు ముక్కలేనట. ఆ కంపెనీవాళ్ళు కొన్నాళ్ళు చేసి మానేశారు, ఇలాంటి సెట్టు ఇప్పుడు ఎక్కడ గాలించినా దొరకదు. కారు తిరగాలి, పడవ కదలాలి. అప్పుడే బేరం."

"అమ్మెయ్యాలా? నేను తరగతిలో ఫస్టొచ్చానని నాన్న నాకోసం తెచ్చిన బొమ్మని?"

"ఫస్టా! అక్కా, నవ్వొస్తోంది, కాస్త నీళ్ళియ్యి. ఆయనగారు ఏ తరగతిలో ఫస్టొచ్చారో అడుగు. నాకు జ్వరం తగ్గిందని నాకోసం తెచ్చాడు నాన్న."

"జ్వరం తగ్గితే పథ్యం పెడతారు గానీ కార్లు కొంటారా ఎవరైనా? అడుగు వాణ్ణి!"

"అసలది ఎప్పుడు కొన్నాడంటే..."

"నువ్వుండక్కా. వాడి జ్వరం సంగతి తేలనీ."

"నేను నాన్న పక్కనే ఉన్నాన్రా. కొట్టువాడు గాజు తలుపు తీసి..."

"నువ్వుండక్కా, నీకు గుర్తుండదు. ముందు ఆయనగారి ర్యాంకు తేలాలి."

"ఉంటాన్లే. ఉండటం నాకు కొత్తా? ఆ రెక్క ఇటియ్యి పెద్దోడా. చిన్నోడా, నీ స్విచ్చు డబ్బా. ఏంట్రా ఇది, రేకులకి ఇంత చిలుమా?"

"చెమ్మక్కా. మా ఇంట్లో గోడలు చెమ్మ."

"చెమ్మ కాదు, పాత బ్యాటరీలు అందులోనే వదిలేసి ఉంటాడు. అవి కారి తినేశాయి. వాడికి ఏ వస్తువైనా అంతే."

"కారు ఇరుసు ఎందుకు బిగుసుకుపోయిందో చెప్పమనక్కా, అంత జాగ్రత్తపరుణ్ణి."

"మీరు తిట్టుకోండి, నేను గీకుతాను. ఇరుసుకి నా మిషను నూనె రెండు చుక్కలు చాలు... తిరుగుతోంది. కొత్త బ్యాటరీలు కొని ఉంచాను, ఆ సొరుగులోంచి తియ్యి. ఇక ఆ డబ్బా తీగ కారు వెనకాల గుచ్చండి. నేను గుచ్చనా?"

"వద్దొద్దు! నువ్వుండక్కా, పాడుచేస్తావు. నేను గుచ్చుతాను, కారు నాది."

"స్విచ్చు మాత్రం నేనే నొక్కుతాను. ఆయనగారిని చెయ్యి తియ్యమను."

"నొక్కరా బాబూ, ఎవడో ఒకడు నొక్కు."

"అబ్బా! వెళ్తోంది! ఒరేయ్, లైట్లు కూడా వెలిగాయిరా!"

"ఇంకా చూడన్నయ్యా, మలుపు తిప్పుతాను."

"నెమ్మదిగా, నెమ్మదిగా! కత్తెరకి కొట్టుకుంటుంది! బల్ల అంచు చూసుకోరా!"

"నాకు తెలుసులే అన్నయ్యా, నువ్వు అటు పట్టుకో... ఆఁ, దొరికింది!"

"ఏంట్రా, ఇద్దరికీ మాటలు కలిశాయే!"

"అక్కా, వాడికి చెప్పు. నేను మాట్లాడింది కారుతో."

"అక్కా, ఆయనగారికి చెప్పు. నేనన్నది డ్రైవరు బొమ్మని."

"చాలా సంతోషం. డ్రైవరు బొమ్మని అన్నయ్యా అన్నావు, బాగుంది. పదండి, ఆ మూల టబ్బులో పడవ వేద్దాం. ఆగండి, లైనింగు గుడ్డలు నానబెట్టాను, తియ్యనివ్వండి."

"గుడ్డలెందుకు నానబెట్టావు?"

"ముందే నానబెట్టకపోతే కుట్టాక కుంచించుకుపోతాయి, పెద్దోడా. ఊఁ, రెక్క బిగించాను, తీగ పడవకి గుచ్చి వదలండి."

"అదిగో, పోతోంది! అలా నోరు తెరుచుకుని చూస్తావేంటక్కా?"

"ఇది నీళ్ళలో పోవడం ఇప్పుడే చూస్తున్నాన్రా. కారు తిరగడం కూడా ఇందాకే చూశాను."

"అదేంటి? మనింట్లో రోజూ తిరిగేదిగా."

"తలుపు గడియ పెట్టుకుని తిప్పేవాళ్ళు మీరు. నేను వసారాలో కూర్చుని చప్పుడు వినేదాన్ని. ఇప్పుడు గోడ దగ్గర తిరుగుతోంది, ఇప్పుడు మంచం కింద దూరింది అనుకుంటూ. ఏడుపొచ్చేదిరా. ఎవరికీ చెప్పలేదు గానీ, బాగా ఏడ్చేదాన్ని."

"ఆడపిల్లవి, నీకెందుకక్కా కార్లూ పడవలూ?"

"ఆ మాట నువ్వప్పుడూ అన్నావు చిన్నోడా."

"పోనిద్దూ పాత సంగతులు. అక్కా, నాకొక ఆలోచన వచ్చింది. వాడి సగం నాకిచ్చెయ్యమను. అమ్మక్కర్లేదు, నేనే ఉంచుకుంటాను."

"ఆయనగారి సగమే నాకిచ్చెయ్యమను, కళ్ళకద్దుకుని ఉంచుకుంటాను."

"వాడికా? ప్రాణం పోయినా ఇవ్వను."

"ఆయనగారికిచ్చే బదులు మురిక్కాలవలో పారేస్తాను."

"పోనీ, మూడో మనిషికి?"

"మూడో మనిషికైతే... వాడికి దక్కదు కదా?"

"దక్కదు."

"చూడనైనా చూడలేడు కదా?"

"వాళ్ళు పిలిచి చూపిస్తే తప్ప చూడలేడు."

"అయితే ఇచ్చెయ్యి."

"ఆయనగారికీ అంతేనా అక్కా?"

"ఆయనగారికీ అంతే."

"హమ్మయ్య. నేనూ ఇచ్చేస్తాను."

"మీ ప్రేమలు చూస్తుంటే కడుపు నిండిపోతోంది. చెరో కవరూ ఇచ్చారు, ఇవిగో. రెంటిలోనూ సమానమే, ఇక్కడే లెక్క చూసుకోండి. కానీ ఒక షరతు. రేపు మళ్ళీ నాదీ అంటూ ఎవరూ రాకూడదు. నోరు విప్పి చెప్పండి."

"ఇది నాది కాదు. సరేనా?"

"నాదీ కాదు. ఆయనగారు గట్టిగానే అన్నారా, గొణిగారా?"

"ఇద్దరూ గట్టిగానే అన్నారు. పడవని తుడిచి బండి మీద పెట్టండి. అడుగుపెట్టెలో సర్దండి. ఇప్పుడు మూత వెయ్యండి... చూశారా, ఎంత చక్కగా పట్టిందో."

"కవరు బరువుగానే ఉంది. బేరమాడకుండా ఇంత ఇచ్చినవాడెవడో మంచివాడే. ఎప్పుడొస్తాడక్కా ఆయన తీసుకెళ్ళడానికి?"

"ఆయన కాదు, ఆవిడ."

"ఆవిడా? ఆవిడకెందుకు, మనవడికా?"

"మనవడికి కాదు చిన్నోడా. ఆవిడే ఆడుకుంటుందట."

"ఈ వయసులోనా! తిక్కమనిషిలా ఉందే. డబ్బెక్కువై కొట్టుకుంటోందేమో."

"ఎక్కువేం లేదురా. రాత్రీ పగలూ కష్టపడి కూడబెట్టుకున్న డబ్బే."

"అయితే మరీ పిచ్చిది. మంచి గిరాకీ దొరికింది, మనసు మార్చుకోకముందే అంటగట్టెయ్యి."

"వాడు ఈ ఒక్క మాటా సరిగ్గా అన్నాడు. ఎవరక్కా ఆవిడ? మాకు తెలిసినావిడేనా?"

"నేనేరా. నాన్న నా పుట్టినరోజుకి కొనిపెట్టిన బొమ్మని, మీ ఇద్దరికీ డబ్బులిచ్చి కొనుక్కుంటున్నాను."