నా చెయ్యి ముందే వదిలేసింది

ఏదీ, ఈ తాతకి మళ్ళీ చూపించు. మణికట్టు పట్టుకుంటే ఇలా తిప్పగానే ఊడొచ్చేస్తుందా? చేరిన వారానికే? పట్టుకున్నదెవరు, నీ స్నేహితురాలా? ఊఁ. కూర్చో తల్లీ. ఎగతాళి కాదు, మా అక్క గుర్తొచ్చింది, అంతే. నువ్వు చూళ్ళేదులే. మనిషి నా భుజం దాకా ఉండేది, గొంతు మాత్రం మిల్లు సైరనుకి పోటీ. ఇద్దరం ఒకే దారం మిల్లులో చేసేవాళ్ళం. అది కండెలకి దారం చుట్టేది, నేను పత్తి బేళ్ళు మోసేవాణ్ణి. అక్కడే బాయిలరు మాస్టారని ఒకాయన. యంత్రాలు బిగించడానికి కొరియా నుంచి వచ్చిన ఫిట్టరు దగ్గర రెండేళ్ళు ఆ విద్య పట్టాడు. హాప్కిడో, ఎవరైనా పట్టుకుంటే విడిపించుకునే కొరియా విద్య. నువ్వు చేరిందీ అదేగా? ఆదివారం పొద్దున పత్తి గోదాములో మాకు నేర్పేవాడు. పైసా పుచ్చుకునేవాడు కాదు, ఐదు నిమిషాలు ఆలస్యమైతే లోపలికి రానిచ్చేవాడూ కాదు. ఇప్పటి పిల్లలైతే... సరే, నిన్ను కాదులే.

అక్క ఎందుకు చేరిందంటే, స్టోరు గది వెనక సన్నటి దారి ఒకటుండేది. షిఫ్టు దిగిన ఆడవాళ్ళు అటే రావాలి. టైమ్‌కీపరు అక్కడ కాపు కాసేవాడు. "ఏంటమ్మా అంత తొందర?" అంటూ చెయ్యి పట్టుకునేవాడు. ఎవరికి చెప్పుకుంటావు, హాజరు పుస్తకం వాడి చేతిలోనే ఉండేది. ఇంట్లో తెలిస్తే మా నాన్న "రేపట్నుంచి మానెయ్" అంటాడు, అంతటితో సరి. అక్కకి పని మానడం చచ్చినా ఇష్టం లేదు. అందుకని నేర్చుకుంది. జతగాణ్ణి నేనే. నేను పట్టుకోవడం, అది తిప్పడం, నేను వదలడం. ఐదు నెలలు! ఒకరోజు మధ్యాహ్నం ఆ టైమ్‌కీపరు పట్టుకున్నాడు. ఇది తిప్పింది. వాడు వదల్లేదు. "ఏంటిది, డాన్సా?" అని పకపకా నవ్వాడట. చివరికి వాడి చెయ్యి కొరికి బయటపడింది, రవిక భుజం దగ్గర చిరిగిపోయింది.

ఆదివారం అందరి ముందూ నిలబడి అడిగేసింది. "మాస్టారూ, మీరు చెప్పినట్టే తిప్పాను. వాడు వదల్లేదు." ఆయన నన్ను పిలిచి "నా చెయ్యి పట్టుకోరా" అన్నాడు. పట్టుకున్నాను. "అదేంటి, అప్పుడే వదిలేశావు? నేనింకా తిప్పనే లేదు!" ఒట్టు తల్లీ, నాకే తెలీదు. నా చెయ్యి దానంతటదే తెరుచుకుంది. ఇంకొకణ్ణి పిలిచాడు. వాడూ అంతే. పదకొండు మందిమి, అందరం అంతే. పెద్దాయన మీద గౌరవం, మరి! ఆయన బేలు మీద కూలబడ్డాడు. "ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నార్రా నాకీ మర్యాద?" అన్నాడు. లేచి మళ్ళీ నాకు చెయ్యిచ్చి, "ఈసారి ప్రాణం పోయినా వదలకు" అన్నాడు. వదల్లేదు. ఆయన చెయ్యి ఊడిరాలేదు! చెవులు ఎర్రబడ్డాయి. మళ్ళీ పట్టించుకుని, ఒక అడుగు నా మీదికి వేసి, మోచెయ్యి దించి, నా బొటనవేలి వైపుకి లాగాడు. ఊడొచ్చింది. "అడుగు ముందు, చెయ్యి తర్వాత అని ఆ ఫిట్టరు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఇక్కడ చోటు లేదని అడుగు నేనే తీసేశాను. తప్పు నాదమ్మా" అని అక్కతో అన్నాడు. శిష్యుల ముందు ఆ మాట అనడానికి దమ్ముండాలి. ఆ రోజే అందర్నీ బయటి పెరట్లోకి మార్చాడు.

ఇంటికెళ్ళే దారిలో అక్క నన్ను కడిగేసింది. "నా మీద జాలిపడ్డావట్రా?" "నీకు నొప్పెడుతుందని..." "నువ్వు పెట్టని నొప్పి వాడు పెట్టాడు, చాలా?" అప్పట్నుంచి నిజంగానే పట్టుకున్నాను. దాని మణికట్టు నల్లగా కమిలిపోయింది, తను తూలితే నన్నే తిట్టింది, "ఇంకా గట్టిగా" అంది. రెండు నెలల పాటు తోటివాళ్ళ గుంపులో కలిసి ఆ దారి దాటింది గానీ పని మాత్రం మానలేదు. తర్వాత ఒకరోజు ఒంటరిగా వెళ్ళింది. వాడు పట్టుకున్నాడు. ఇది అడుగేసింది. చెయ్యి ఊడొచ్చింది, ఆ విసురుకి వాడు వెళ్ళి ఖాళీ కండెల బండి మీద వెల్లకిలా పడ్డాడు. అప్పుడు అక్క ఏం చేసిందో తెలుసా? పట్టు విడిపించుకున్నాక ఎదుటివాడికి నడుం వంచి నమస్కరించాలని ఆ కొరియా ఆయన పద్ధతి, మేం ప్రతిసారీ చేసేవాళ్ళం. అలవాటు కొద్దీ నిటారుగా నిలబడి వాడికి వంగింది! వెనకే వస్తూ చూసిన ఆడవాళ్ళు ఒకటే నవ్వు. ఆ నవ్వుకి వాడు మళ్ళీ ఆ దారిలో మొహం చూపించలేదు.

ఇది మాత్రం ఇంటికొచ్చి ఏడుపు. "గెలిచావుగదే!" అంటే, "ఆ వెధవకి వంగానురా, ఛీ!" నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. ఇరవై ఆరేళ్ళయింది అది పోయి. ఆ ఒక్కసారి వంగినందుకు చివరిదాకా సిగ్గుపడింది, అదీ చేతులారా చేసిన తప్పు కాదు. మరి నేను, ఆ ఐదు నెలలూ, వారం వారం ముందే వదిలేస్తూ...

ఆ కిటికీ రెక్క కాస్త మూయి తల్లీ, ఎండ కళ్ళలో పడుతోంది.