తలుపు ఏ రంగు?

ఇటలీలో కతానియా కోర్టు, పై అంతస్తు వసారా. కామెరూన్ నుంచి వచ్చిన ఆచిరీ, అతని లాయరు ఒర్నెల్లా బల్ల మీద కూర్చుని పిలుపు కోసం చూస్తున్నారు. ఎదుటి గోడకి ఎవడో అడుగుకోటు ఎగ్గొట్టి రంగు పూసేశాడని ఆచిరీ అప్పటికే కనిపెట్టాడు. అతనిది రంగులేసే పని.

“పచ్చ అను. అంతే. ఇంకేం అనకు.”

“నీలం కూడా ఉంది కదా, లాయరమ్మా.”

“ఆ నీలమే మన కొంప ముంచింది! ఆశ్రయం ఇమ్మని అడిగితే కమిషన్ వాళ్ళు ఏం రాశారు? ‘తుపాకులవాళ్ళకి గిట్టని జెండా బొమ్మ గోడ మీద వేసినందుకు వాళ్ళు తన కోసం వచ్చారని, పచ్చ తలుపు తోసుకుని లోపలికి దూరారని మొదటిసారి చెప్పాడు. తమ తలుపు నీలమని రెండోసారి చెప్పాడు. సొంత తలుపు రంగే తెలియని పెయింటరు మాట నమ్మశక్యంగా లేదు.’ ఇవాళ జడ్జి కూడా నమ్మకపోతే నిన్ను విమానం ఎక్కించేస్తారు, తెలుసా?”

“తెలుసు. అక్కడ దిగగానే ఎవరు ఎదురొస్తారో కూడా తెలుసు.”

“అందుకే, పచ్చ.”

“రెండూ నిజమే.”

“నిజం సంగతి తర్వాత చూద్దాం, ముందు కేసు గెలవనీ. పోనీ, మీ భాషలో పచ్చకీ నీలానికీ ఒకటే మాటేమో? ఉంటే చెప్పు. నాకు తెలిసిన ప్రొఫెసరు ఉన్నాడు, రాసిస్తాడు.”

“రెండు మాటలున్నాయి.”

“ఛ! పోనీ కళ్ళు? నీకు రంగులు సరిగా కనిపించవని డాక్టరు చేత...”

“మీ వంటింటికి రంగేసింది నేనే.”

“అవును. బాగా వేశావు కూడా. అయ్యో!”

“ఇవాళ దుబాసీ ఎవరు?”

“కమిషన్‌లో కూర్చున్నావిడే, మాంకా. మీ ఊరావిడే దొరకడం నీ అదృష్టం. మీ అమ్మతో ఆదివారం ఆదివారం ఫోన్లో మాట్లాడుతుందట కదా.”

“మాట్లాడుతుంది.”

“ఏం, ఆవిడ సరిగ్గా చెప్పదా?”

“బాగా చెప్తుంది. అందరికీ చెప్తుంది.”

“ఏమిటా నసుగుడు? సరే, ఇంకోసారి మొదట్నుంచీ. తడుముకోకూడదు. నిజం చెప్పేవాడు తడుముకోడని వాళ్ళ నమ్మకం.”

“మీరైతే తడుముకోరా?”

“నేనా? దేనికి?”

“మీ పెళ్ళిరోజు సంగతి చెప్పండి. నేను జడ్జిని.”

“వేళాకోళమా? సరే, విను. అచిరేయాలే ఊరి చర్చిలో పెళ్ళి. ఆరోజు ఎట్నా అగ్నిపర్వతం బూడిద కురుస్తోంది. నా తెల్లగౌను కాస్తా మసిగుడ్డ అయిపోయింది. పెళ్ళికొడుకు సాల్వో చర్చి గుమ్మంలో గొడుగు పట్టుకుని నా కోసం నిలబడ్డాడు.”

“తర్వాత?”

“తర్వాతేముంది, అంతకుముందు చర్చి బయట ఒక గంట నరకం. ఎండ ఫెళ్ళున కాస్తోంది. సాల్వో ఎంతకీ రాడు. మా నాన్న పళ్ళు నూరుతున్నాడు...”

“బూడిద కురిసిందన్నారు.”

“కురిసింది!”

“ఎండా ఫెళ్ళుమంది. సరే. గుమ్మంలో మీకోసం నిలబడ్డ మనిషి ఎంతకీ రాకపోవడమేమిటి?”

“అంటే... ముందే వచ్చాడు. కాదు, ఆలస్యంగానే... ఆగు, బూడిద మా చెల్లెలి పెళ్ళప్పుడేమో.”

“మరి గొడుగు పట్టుకున్నదెవరు?”

“నోర్ముయ్.”

“మీ పెళ్ళిని తిరస్కరించడమైనది. అప్పీలు చేసుకోవచ్చు.”

“నువ్వు ముందే జడ్జివై ఉంటే నాకు విడాకుల తిప్పలు తప్పేవి. నవ్వకు! నీదీ నాదీ ఒకటి కాదు. నేను మర్చిపోయాను, అంతే. నీకు ఆ తలుపు గుర్తుంది కదా?”

“ఉంది.”

“ఏ రంగు?”

“పచ్చ. నేనే వేశాను.”

“హమ్మయ్య! మరి నీలం ఎవరు వేశారు?”

“నేనే.”

“ఎప్పుడు?”

“మర్నాడు.”

“దేనికి మర్నాడు?”

“వాళ్ళు వచ్చి వెళ్ళిన మర్నాడు.”

“నువ్వు దొరక్క మీ తమ్ముణ్ణి పట్టుకుపోయారన్నావు, మర్నాడు నువ్వు తీరిగ్గా తలుపుకి రంగేస్తూ కూర్చున్నావా? ఈ మాట లోపల అన్నావో, అయిపోయామే!”

“అమ్మ పొరుగూరి నుంచి వచ్చేలోపు వెయ్యాలి.”

“ఎందుకు?”

“పట్టుకుపోలేదు.”

“ఏమిటి?”

“తమ్ముణ్ణి ఎక్కడికీ పట్టుకుపోలేదు, లాయరమ్మా. తలుపుకి ఆనించి నిలబెట్టారు. నేను అటక మీద ఉన్నాను. వాణ్ణి పూడ్చి, తెల్లారాక తలుపు కడిగాను, పోలేదు. పచ్చ మీద మళ్ళీ పచ్చే వేశాను. ఎరుపు పైకి తేలింది. ఎన్ని కోట్లు వేసినా తేలుతుంది. అందుకని ముదురు నీలం వేశాను.”

“ఆచిరీ...”

“పట్టుకుపోయారని అమ్మకి చెప్పాను. ఇక్కడికొచ్చేవాళ్ళలో వాడెక్కడైనా కనిపించాడా అని ఇప్పటికీ ప్రతి ఆదివారం మాంకాని అడుగుతూనే ఉంటుంది.”

“ఇది కమిషన్‌లో ఎందుకు చెప్పలేదు? ఈ ఒక్క మాట చెప్పి ఉంటే...”

“ఏ రంగని అడిగారు. ఎందుకని అడగలేదు. అడిగినా, పక్కన మాంకా ఉంది.”

“పిలుస్తున్నారు. మనల్నే. లే... ఏం చెప్తావు? పచ్చ అనే అంటావా?”

“ఆవిణ్ణి బయటే కూర్చోమనండి, లాయరమ్మా. నాకొచ్చిన ఇటాలియన్ చాలు. రంగుల పేర్లన్నీ వచ్చు.”